పదిహేడో బోరు

ఫిల్మ్‌నగర్

పోలమ్మక్కా,

"మూడుకాళ్ల స్టాండ్లెట్టుకుని ఎవలో మన ఒడ్డంతా కొలస్తన్నార్రా తమ్ముడూ" అని నువ్వు ఫోన్ చేస్తే, "సినిమావాళ్లేలే, లొకేషన్ చూసుకుంటున్నారు, మంచినీళ్లివ్వు" అని నవ్వాను. ఇవాళ జూబ్లీహిల్స్‌లో ఒక గనుల కంపెనీ తన ప్రచార చిత్రానికి మాటలు రాయమని సర్వే రిపోర్టు నా చేతిలో పెట్టింది. ఆ కొలిచినవాళ్లు గొట్టాలు దింపి తీసింది మన సముద్రపొడ్డు నల్ల ఇసుకే, అందులో ఖరీదైన ఖనిజాలున్నాయట. పటంలో నీ పెరడు పదిహేడో బోరు. పక్కనే "నివాసాలు లేవు" అని రాశారు! మూడు వందల గడపలవాళ్లం మనుషులం కామా? ప్రశ్నించండని సినిమాల్లో ఊరందరికీ పాతికేళ్లుగా రాస్తున్నవాణ్ణి, అడిగిన నీ నోరే మూయించాను.

రేపు బయల్దేరుతున్నాను. ఈలోగా వాళ్లు మళ్లీ వస్తే, నా పేరు చెప్పినా సరే, అనుమతి కాగితం చూపించందే గొట్టం దింపనివ్వకు.

నీ తమ్ముడు