గొంతు కింద పులిపిరి

2004 ఆగస్టు, శుక్రవారం

నా ఆహారనాళంలో పెరిగిన చిన్న కంతి క్యాన్సర్ కాదని ఇవాళ తేలింది. పులిపిరి లాంటిదట.

"ఎందుకొచ్చిందండీ?" అని డాక్టరుగారిని అడిగాను.

"కొందరికి పాపిలోమా వైరస్ వల్ల వస్తుందమ్మా. మీకూ దానివల్లేనని గట్టిగా చెప్పలేం. అది ఎక్కువగా శారీరక సంబంధం వల్ల మనుషుల నుంచే అంటుకుంటుంది, ఏళ్ల తరబడి తెలియకుండా ఒంట్లో ఉండిపోవచ్చు."

నాకు మా ఆయన తప్ప ఇంకెవరు? మరి ఆయనకెవరి నుంచి? ఆయన పోయి ఏళ్లయింది.

సాయంత్రం ఉయ్యూరు నుంచి చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, డాక్టరేమన్నారే?"

"ఏం లేదమ్మాయ్, గ్యాసేనంట."

ఫోన్ పెట్టేశాక కోపం ఆగలేదు. వంటింట్లో నిలబడి, "ఎవరండీ ఆవిడ?" అని పైకే అడిగేశాను.

అసలు ఎవరూ లేరేమో. ఆ మాట చెప్పడానికైనా ఆయన లేరు.