బెల్లంలో మాత్ర

అమ్మా,

ఆ ఉదయం నాకు బాగా గుర్తు. అప్పుడు మన రూతుకు ఐదేళ్లు. నువ్వు పొయ్యి పక్కన కూర్చుని, పెద్దాసుపత్రిలో ఇచ్చిన టీబీ మాత్రను బెల్లం ముద్దలో పెట్టి చెల్లి నోట్లో వేశావు. తర్వాత దాని రొమ్ము మీద నూనె రాసి, చెయ్యి ఉంచి ప్రార్థన చేశావు. ఆర్నెల్లూ రోజూ అంతే. నయమయ్యాక ఆదివారం ఆరాధనలో సంఘం ముందు నిలబడి, నా బిడ్డను దేవుడే ముట్టి బాగుచేశాడని సాక్ష్యం చెప్పావు. మాత్రల ఊసెత్తలేదు. మన సంఘంలో మందులు మింగితే విశ్వాసం లేనట్టే కదా.

ఇప్పుడు రూతు కెనడాలో స్థిరపడటానికి దరఖాస్తు పెట్టింది. వచ్చే వారం మద్రాసులో వైద్య పరీక్ష. ముందుగా నెల్లూరులో ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తి మీద పాత మచ్చ కనిపించింది. మందులు వాడారా అని డాక్టరు అడిగితే, "లేదు సార్, ప్రార్థనతో పోయింది" అన్నదట. దానికి తెలిసింది నీ సాక్ష్యమే. మద్రాసులోనూ అలాగే చెబితే, వైద్యం జరగని టీబీ అనుకుని ప్రయాణం ఆపేయొచ్చట.

మాత్రల సంగతి చెప్పాను. "అయితే అమ్మ సంఘంలో అబద్ధం చెప్పినట్టా అక్కా?" అంది. నేను మోకాళ్లూని ప్రార్థన చేశాను. నువ్వు అబద్ధమాడటం నేనెన్నడూ చూడలేదు.

నిన్నడుగుదామంటే నువ్వు పోయి ఏళ్లయింది; సాయంత్రం నాయననే అడిగాం. "దీనికింత తన్నుకులాట ఎందుకమ్మే? మీయమ్మ రెండూ చేసింది గదా. డాక్టరుకి రెండూ చెప్పండి. ఏది రాసుకుంటాడో ఆయనిష్టం" అన్నాడు.

రెండూ చెప్పాలనే నిర్ణయించుకున్నాం. ఏది ముందు చెప్పాలో మాత్రం తేలలేదు.