నాకు, నకో

తుకుం, చంద్రపూర్
11 నవంబర్ 2025, మంగళవారం

మిత్రుడు ప్రమోద్‌కు,

నాగేశ్వర్ నమస్కారాలు. వరోరాలో మీ ఇంటిల్లిపాదీ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నాన్న మోకాలి నొప్పితోనే సాస్తి గనికి మొదటి షిఫ్టుకు పోయి వస్తున్నాడు. అమ్మ నీ గురించి రెండుసార్లు అడిగింది, "వరోర పిలగాడు వస్తలేడేంది, కొట్లాడుకున్నరా?" అని. పనిలో ఉన్నాడని చెప్పాను.

నా నంబరు బ్లాక్ చేశావు. మన దత్తు ఫోన్ నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. ఇక పోస్టాఫీసు మిగిలింది. దాన్నెట్లా బ్లాక్ చేస్తావో చూస్తాను. నీకు తెలుగు చదవడం నెమ్మది, మీ చెల్లె విద్యతో చదివించుకుంటావనీ తెలుసు. మరాఠీలో రాయొచ్చు. కానీ ఈ గొడవంతా ఒక తెలుగు మాట దగ్గర మొదలైంది. అందుకే, నాన్న ట్రంకుపెట్టెలోని యూనియన్ కరపత్రాలు చదివి నేర్చుకున్న ఈ తెలుగులోనే రాస్తున్నాను.

విద్యా, నీకు తెలియడానికి రెండు ముక్కలు. మేం ఆడేది ఫోన్‌లో కోటల యుద్ధం. అందులో ఒక్కసారి చస్తే అంతే. ఏడాదిగా కూడబెట్టిన కవచం, కత్తి, పేరు అన్నీ మట్టి. మళ్లీ చేతికర్రతో మొదలుపెట్టాలి. అందుకే పాతవాళ్లు కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వరు. ఒకరి తప్పు అడుగు పదిమందిని చంపుతుంది. మీ అన్న మా దళపతి. కొత్తవాళ్లనూ, రోజుకు అరగంట మాత్రమే ఆడగలిగేవాళ్లనూ చేర్చుకోవాలని కొట్లాడింది నేను.

ప్రమోద్, నేను "తలుపు తీయండి" అని రెండు పేజీలు రాసి గ్రూపులో పెడితే నవ్వావు. "అరే నాగ్యా, గేమ్‌ల గూడ కరపత్రమేనా?" అన్నావు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది. నువ్వేమన్నా తల్లి కడుపులోంచే కత్తి తిప్పుకుంటూ వచ్చావా? నీకు మొదటి రోజు ఎవడో ఒకడు దారి చూపలేదా? అయినా నవ్వుతూనే తలుపు తీశావు. అది ఒప్పుకుంటాను.

మొదట వచ్చింది సారక్క. సాస్తి గని క్యాంటీన్‌లో వంట చేస్తుంది. సాయంత్రం గిన్నెలు కడిగాక అరగంట ఆడుతుంది. మరాఠీ అర్థమవుతుంది గానీ నోట తెలుగే వస్తుంది. ఆమె కత్తి తిప్పడం చూసి నువ్వు పిన్నిని పిలిచినట్టు "మావశీ, గరిటె తిప్పినట్టు తిప్పకు" అన్నావు. "గరిటెతోటే మూడొందల మందిని సాకుతున్న బిడ్డా, నీ కోటెంత?" అంది. మైకులో అందరూ పడీ పడీ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆ వారమంతా దళం ఇల్లులాగా ఉండింది.

తర్వాత అక్టోబర్ ఇరవై నాలుగు. కోట ఉత్తరపు గోడ దగ్గర యుద్ధం. పడిపోయినవాళ్లను లేపే మందుసంచి ఒక్కటే మిగిలింది, అదీ నీ చేతిలో. సారక్క పడిపోయింది, ఇంకొకడూ పడిపోయాడు. మందు ఎవరికని అడిగితే సారక్క "నాకు" అంది. నీ చెవిలో అది మరాఠీ "నకో" అని పడింది. వద్దంటోందని రెండోవాడికి ఇచ్చావు. సారక్క చచ్చిపోయింది.

నలభై మంది వింటుండగా నిన్ను తిట్టాను. దళపతివి కాదు దొరవన్నాను. జనం భాష వినపడని చెవులన్నాను. నువ్వు తిరిగి ఒక్క మాట అనలేదు. మైకు ఆపి వెళ్లిపోయావు.

ఇప్పుడు అసలు సంగతి. ఆదివారం సాయంత్రం ఆరింటికి మన కోట మీదికి శత్రువుల దండు వస్తోంది. సారక్క చేతికర్రతో మళ్లీ మొదలుపెట్టి, పదకొండు మందిని మన దళంలోకి వెంట తెచ్చింది. క్యాంటీన్ ఆడవాళ్లు, తుకుంలో ఆటో నడిపే లచ్చయ్య మామ, ఇంకా కొందరు. ఒక్కొక్కరికి ఒక్కటే ప్రాణం. ఈ కోట పోతే కొత్తవాళ్లకు ఇక తలుపు మూసేస్తామని పాతవాళ్ల తరఫున సుమన్ రాసి పెట్టాడు. నడిపించాల్సింది నేను. నాకు చేతకావడం లేదు ప్రమోద్. నిన్న సాధనలో ఎటు పోవాలని అడిగితే నేను ఉపన్యాసం మొదలుపెట్టానట. సారక్క ఆపింది. "ముచ్చట తర్వాత బిడ్డా, ఎడమకా కుడికా, గది చెప్పు" అంది. చెప్పలేకపోయాను. ఎడమ అంటే ఆరుగురు పోతారేమో, కుడి అంటే పన్నెండుమందీ పోతారేమో. అన్నం ముందు కూర్చున్నా అదే లెక్క. గోడలు కాపాడటం నీకు వచ్చు. నాకు వచ్చింది తలుపు తీయమని అరవడం ఒక్కటే.

నా మీద కోపం నా మీదే ఉంచు. వాళ్లకోసం రా. దళపతి కుర్చీలో నేను కూర్చోలేదు, అట్లాగే ఉంది.

అమ్మకు దండాలు చెప్పు.

కోట వాకిట్లో నీకోసం చూస్తూ,
నాగేశ్వర్

తా.క.: విద్యా, ఇక్కడ ఆపి కాగితం మీ అన్న చేతికివ్వు. ప్రమోద్, ఇది కూడబలుక్కునైనా నువ్వే చదువు.

పైన రాసింది నలుగురూ వినడానికి. నీ చెవిలో "నకో" ఎట్లా పడిందో మనిద్దరికే తెలుసు. గోలలో నీకు అందక, మనిద్దరి లైన్లోకి వచ్చి "నాగ్యా, ఏమంటుందిరా మావశి?" అని నన్నడిగావు. పడిపోయిన రెండోవాణ్ని నేను. నా ఒంటి మీద ఏడాది కవచం. మందు తాగి లేచి, నిన్ను తిట్టాను. నువ్వు ఆ ఒక్క మాట బయటపెడితే నా కరపత్రం అక్కడే చిరిగిపోయేది. పెట్టలేదు. కొత్తవాళ్లకు తలుపు మూతపడుతుందనే ఊరుకున్నావేమో. పద్దెనిమిది రోజులుగా ఆ ఊరుకోవడమే నన్ను తింటోంది.

నువ్వు వచ్చినా రాకపోయినా, ఆదివారం దండు రాకముందే మైకులో అందరికీ చెబుతాను. సారక్క స్పష్టంగా "నాకు" అంది. "నకో" అన్నది నేను.