సంకటికి ముందు చేతులకు నీళ్లు

మాదాపూర్, ఆగస్టు 8, శుక్రవారం. పొద్దున్నుంచీ ముసురు. బియ్యం బస్తాలు తడవకుండా బల్లలెక్కించాను.

ఎవాంజెలిన్‌కు, నేను కులాసా. మా హాస్టల్లోకి జాంబియా దేశం నుంచి చిలేషే అనే అమ్మాయి చదువుకు వచ్చింది. వారమైనా నా వంట సరిగా ముట్టలేదు. నిన్న వార్డెన్ రాజమణి వంటింట్లోకి వచ్చి, "ఏందన్నా, గా పిల్ల ఇంటికి పోతనని పెట్టె సర్దుతున్నది. జర ఏమన్నా చెయ్యి" అంది. మీ ఇంట్లో ఏం తింటారని అమ్మాయిని అడిగాను. మొక్కజొన్న పిండి ముద్ద అని చేతులతో చేసి చూపించింది. మన సంకటి లాంటిదే గదా అనుకుని, రాగిపిండితో కెలికి పల్లీల పచ్చడితో పెట్టాను. పరదేశం పిల్ల గదా అని చెంచా కూడా ఇచ్చాను. ఆమె చెంచా పక్కన పెట్టి, చెంబుతో వచ్చి నా చేతుల మీద నీళ్లు పోసింది. "అంకుల్, యూ ఫస్ట్" అంది. పెద్దవాళ్లు మొదలుపెట్టాకే చిన్నవాళ్లు తినడం వాళ్లింటి పద్ధతట. ఇన్నేళ్లుగా అందరూ తిని లేచాక తినే నేను, నిన్న పిల్లల మధ్య కూర్చున్నాను. ఆమె రెండు ముద్దలు తిని మూడోది అడిగింది. అంత దిగుల్లోనూ మర్యాద మరవని ఆ పిల్లను చూస్తే ముచ్చటేసింది. పెట్టె మళ్లీ మంచం కిందికి వెళ్లింది.

రాగిపిండి ఐదు కిలోలు బస్సుకు వేయించు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నర్సింగు చదువుకు బయటి ఊరు పోనంటున్న మన అమ్మాయి జాయ్స్‌కు ఈ కార్డు చదివి వినిపించు. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి.

చిలేషే ఇవాళ కాలేజీకి పోతూ, సాయంత్రం పొయ్యి దగ్గర తనే నిలబడతానంది. ఆ కాసేపూ నేనేం చేయాలో ఇంకా తోచడం లేదు.