పాత మారుతి ఫోటో

అబ్బాకు సలాం. ఫోన్లో మీకు సరిగా వినిపించదని కార్డు రాస్తున్నాను.

మీ మారుతి 800ను తుక్కుకు ఇచ్చి కొత్త ఆల్టో తెచ్చాను. ఆల్టోల్లో ఇది మూడో తరం. ఏసీ, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, గేర్లు వాటంతటవే పడతాయి. నిన్న ఏన్కూరు దారిలో భీమక్క అనే ముసలామెను ఎక్కించుకున్నాను. మీ పేరు చెప్పగానే, "షుకూర్ సాబ్ కొడుకువా? దవాఖానాకు పోతుంటే నా బిడ్డ మీ పాత బండిలనే పుట్టింది. గా బండి ఏది?" అంది. తుక్కుకు పోయిందన్నాను. దిగేటప్పుడు, "ఫోటోనన్న ఉంటే ఇయ్యి, నా బిడ్డకు చూపిస్త" అంది.

నా దగ్గర ఒక్కటీ లేదు. అమ్మీ పెట్టెలో వెతికించండి. బీపీ గోళీలు మానకండి. చెల్లి షబ్రీన్‌కు దువా. బండి ఇచ్చేముందు మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది, అబ్బా.

మీ అజారుద్దీన్, ఖమ్మం