బీరువాలో పెట్టిన లైసెన్సు

అన్నయ్యా,

పద్దెనిమిది నిండిన ఆడపిల్ల బండి నడపకూడదని లేఖనాల్లో ఏ అధ్యాయంలో ఉందో చూపిస్తావా? నేను బడి మొహం చూసినవాణ్ణి కాను, కానీ బైబిలు గ్రంథాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా పదకొండుసార్లు చదివాను. నాకెక్కడా కనపడలేదు.

నీ కూతుర్ని, నేర్చుకుంటే నీ పెద్ద బండి మీదే నేర్చుకోమన్నావు. తను ఎక్కగానే అది వాలిపోయింది. "పడ్డ బండి లేపలేవు, నువ్వు నడుపుతావా?" అని నలుగురిలో ఎగతాళి చేశావు. "నువ్వు మాత్రం ఒక్కడివే లేపావా నాన్నా? బాబాయ్ ఓ చెయ్యి వేశాడుగా!" అన్నందుకు తన లెర్నర్ లైసెన్సు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశావు.

తప్పు పిల్లది కాదు. ఆ సీటు ఎక్కితే తన మునివేళ్లు కూడా నేలకు ఆనవు. ప్రార్థనలకు తిరిగే నా చిన్న బండి మీద రెండు పాదాలూ నిండుగా ఆనాయి. ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అంటించి, వెనక సీట్లో నేనే కూర్చుని, మందిరం ఆవరణలో నెల రోజులు నేర్పాను. నీకు చెప్పకుండానే నేర్పాను. దానికి నేను పశ్చాత్తాపపడను.

లెర్నర్ గడువు రేపటితో తీరిపోతుంది. డ్రైవింగ్ పరీక్ష ఇవాళ పదకొండింటికి. ఆ లెర్నర్ కాగితం చూపించనిదే మైదానంలోకి రానివ్వరు. లైసెన్సు లేకపోతే, ఇంటింటికీ వెళ్లి రక్తం నమూనాలు తెచ్చే ఆ ల్యాబు ఉద్యోగం సోమవారం ఇంకొకరికి పోతుంది.

ఈ ఉత్తరం తెచ్చింది నీ కూతురే. హెల్మెట్ పట్టుకుని నీ ఎదురుగానే నిలబడి ఉంటుంది. రేపటి నుంచి నన్ను నీ గడప తొక్కనివ్వకపోయినా సరే. ఇప్పుడు మాత్రం లే అన్నయ్యా, బీరువా తెరిచి ఆ కాగితం తన చేతిలో పెట్టు.

నీ తమ్ముడు