వెనక చక్రంలో వెంట్రుకంత పగులు

అక్కా,

రోజూ ఫోను చెయ్యమన్నావు. మీ ఆయన పక్కనే కూర్చుని ఉంటే ఆయన గురించి ఏం చెప్పమంటావు? అందుకే కాగితం తీశాను. మనసారా తిట్టుకోవడానికి ఇదే సుఖం.

మేం ముగ్గురం: బావ, ఆయన స్నేహితుడు లాయరు, నేను. సైకిల్ రేసు జరిగే ఊరు అయిదు వందల కిలోమీటర్ల దూరం. కారులో వెళ్లి, కంకర రోడ్ల మీద పోటీకి నాలుగు గంటలు తొక్కి, పతకం మెళ్లో వేసుకుని వస్తే ఎవరు వద్దన్నారు? అలా కాదట. సైకిలుకి అన్ని వైపులా సంచులు కట్టుకుని, టెంట్లలో పడుకుంటూ, తొక్కుకుంటూనే అక్కడికి చేరాలట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! వీధి చివర పాలప్యాకెట్టుకి కూడా కారు తీసే మనిషి కదా మీ ఆయన. బరువు తగ్గించాలని టూత్‌బ్రష్షు కాడని సగానికి కోసేశాడు. పళ్ల డాక్టరు అక్కా! ఆ మిగిలిన ముక్క వెనక పళ్లకి అందక పొద్దున్నే తంటాలు పడుతున్నాడు. పొట్టని మాత్రం ఒక్క గ్రాము తగ్గకుండా తెచ్చుకున్నాడు. లాయరు ఇంకో రకం. ఎత్తు వస్తే చాలు, "ఆహా, ఏం దృశ్యం!" అంటూ దిగి ఫోటోలు తీస్తాడు. ఊపిరాడటం లేదని ఒప్పుకుంటే పరువు పోతుంది మరి. వీళ్లకి నేను జీతం లేని మెకానిక్కుని.

"ఆయన్ని క్షేమంగా తీసుకురా, నీదే భారం" అని గేటు దగ్గర నా చెయ్యి పట్టుకున్నావు. సరేనన్నాను, తెస్తాను. కానీ ఒక మాట ఇప్పటికైనా చెప్పనీ. ఆ రోజు మీ ఇంట్లో విందులో ఎవరో నన్ను చూపించి "ఈయన?" అని అడిగితే, బావ "మా పంక్చర్ల శాఖ మంత్రి" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులే నవ్వులు. గ్లాసుల్లో నీళ్లు పోస్తూ నువ్వూ నవ్వావు. ఇరవై ఏళ్లుగా చక్రాలు బిగిస్తున్నవాణ్ని. బావ నవ్వు ఎప్పుడో మర్చిపోయాను, నీ నవ్వు మర్చిపోలేకపోయాను.

నీ తమ్ముడు

అక్కా,

ఇవాళ మూడో రోజు. రేసు ఎల్లుండి. పొద్దున వాగు దాటేటప్పుడు చక్రాలన్నీ బురద కొట్టుకుపోయాయి. భోజనాలకి ఆగినప్పుడు గుడ్డ తీసి బావ సైకిలు తుడవబోతే లాయరు, "జాగ్రత్త, అవి కార్బన్ చక్రాలు. మీ షాపులో చూసే రకం కాదు" అన్నాడు. బావ రొట్టె నములుతూ నవ్వాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అది ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది.

అక్కా, బావ వెనక చక్రం రిమ్ములో, స్పోకు బిగించే చోట, వెంట్రుకంత పగులు ఉంది. బురద గీత అనుకుని రెండుసార్లు తుడిచాను. గోరుతో తడిమాను. పగులే. ఇనుమైతే ముందు వంగుతుంది, మనిషికి తెలుస్తుంది. కార్బన్ అలా కాదు, ఒక్కసారే విరుగుతుంది. తలెత్తితే బావ నావైపే చూస్తున్నాడు. "ఏమైనా ఉందా?" అని అడుగుతాడేమోనని ఆగాను. అడగలేదు. నేను గుడ్డ దులుపుకుని లేచాను.

చెప్పను. నోరు తెరిచి అడిగితేనే చెబుతాను. రేసు ఊళ్లో సైకిల్ షాపులున్నాయి, అడిగిన గంటలో వేరే చక్రం బిగించి పెడతాను. జీవితంలో ఒక్కసారి, ఆ లాయరు ముందు, "కాస్త చూసి పెట్టు" అని నన్ను అడగాలి. అంతే నాకు కావలసింది. పంతమంటావా? పంతమే. ఈ ఉత్తరం నీకు అందేసరికి రేసు కూడా అయిపోతుంది, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

నీ మొండి తమ్ముడు

అక్కా,

బావ అడగలేదు. నేను చెప్పలేదు.

రేసులో బావ రాయి తగిలి పడ్డాడని లాయరు నీకు ఫోనులో చెప్పాడు. రాయి కాదు. దిగుడులో నేను వెనకే ఉన్నాను, చక్రం విరిగిన చప్పుడు నా చెవులతో విన్నాను. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది, ఎడమ భుజం ఎముక విరిగింది. ప్రాణానికేం భయం లేదన్నారు డాక్టర్లు. కానీ కుడిచేతికి మునుపటి పట్టు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆయన చేసేది పళ్ల పని అక్కా.

నిన్న ఆసుపత్రి మంచం మీంచి నాతో అన్నాడు: "టైం బాలేదురా, ఏం చేస్తాం. నువ్వు ఆ రోజు చక్రం తడిమి మరీ చూశావు. ఏమీ అనలేదు. ఇంకేం, బాగుందనుకున్నా."

"ఒక్క మాట అడగొచ్చు కదా బావా" అన్నాను.

"నిన్ను అడగడమేంట్రా! నీ షాపుకొచ్చే వాళ్లందరికీ తెలుసుగా. బాగున్నదాన్ని నువ్వు బాగుందని చచ్చినా అనవు, చూసి వదిలేస్తావు. వంక ఉంటేనే నోరు విప్పుతావు. ఈ లాయరు దిగుళ్లంటే భయపడుతుంటే కూడా అదే చెప్పా. మావాడు చూశాక ఇంక కళ్లు మూసుకుని తొక్కొచ్చురా అని."

నిజమే అక్కా. నా పద్ధతే అది. నేను ఏమీ అనలేదంటే చాలు, జనం పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ వెళ్లిపోతారు. ఇన్నేళ్లలో ఆ నమ్మకాన్ని ఒక్కసారే వమ్ము చేశాను, అదీ నీ మొగుడి దగ్గర. ఆయన కోసిన బ్రష్షు చూసి నవ్వుకున్నాను కానీ, ఆయన నా మీద ఇంత భరోసా పెట్టుకున్నాడని నాకేం తెలుసు? ఛీ, తెలియకపోతే మాత్రం! చెప్పాల్సింది చెప్పడానికి ఒకడు నన్ను గౌరవించాలా? ఆయన గొప్పలకి పోయాడు, నేను మనిషి ఎముకలతో పందెం కాశాను. మా ఇద్దరిలో నీచుడెవరో నువ్వే చెప్పు.

నా రెండో ఉత్తరం రేపో మాపో నీకు అందుతుంది. పోస్టులో వేసినదాన్ని ఎలాగూ వెనక్కి లాక్కోలేను, లాక్కోవాలనీ లేదు. ఈ కాగితం లాయరు చేతికిస్తున్నాను, సాయంత్రానికల్లా అద్దె కారులో మీ ఊరు చేరతాడు. బావ నీ నోట వినకూడదు, నా నోటే వినాలి. అందుకే నువ్వు ఇది చదివేలోగానే ఆయనకి చెప్పేస్తాను.

బావ రెండు చేతులూ కట్లలో ఉన్నాయి కదా, మూడు పూటలా నేనే తినిపిస్తున్నాను. నిన్న తినిపించాక చెబుదామనుకుని మాట మింగేశాను. ఇవాళ ముందు చెబుతాను. ఆ తర్వాత నా చేతి చెంచాకి నోరు తెరుస్తాడో, మొహం తిప్పుకుంటాడో ఆయన ఇష్టం. తిప్పుకుంటే గిన్నె పట్టుకుని అక్కడే నిలబడతాను.

నీ తమ్ముడు